అన్నయ్య చొక్కా

ఈవార్ అన్నయ్యని తెచ్చిన బండి వెనకే కోల్బెన్‌ని కట్టి తెచ్చారు. బండి మీద అన్నయ్య పడుకుని ఉన్నాడు, ముఖం మీద గొంగళి. బండి వెనక తాడు చివర వాడు నడుస్తున్నాడు, తల ఎత్తుకుని. ఇద్దరి కాళ్ళకీ ఒకే బురద అంటుకుని ఉంది.

గడ్డికోతలు ఇంకా మొదలవలేదు. ఆ రోజుల్లో మా దగ్గర సూర్యుడు పూర్తిగా మునగడు. సముద్రం అంచుదాకా దిగి, ఏదో మర్చిపోయినవాడిలా మళ్ళీ పైకి వస్తాడు. అందుకని ఆ కాలంలో ఏడవాలన్నా చీకటి దొరకదు.

మేం రేవువాళ్ళం. వాళ్ళు గట్టువాళ్ళు. పైనుంచి చూస్తే ఇద్దరం ఎల్ఫులమే, ఇద్దరికీ ఒకేలాంటి కొనదేరిన చెవులే. మా ఊరికీ వాళ్ళ గట్టుకీ మధ్యనున్న పచ్చిక కోసం తాతల నాటి నుంచీ చంపుకుంటున్నాం. మనుషుల్లాగా అరవైకో డెబ్బైకో పోయే జాతి కాదు మాది. మూడొందల ఏళ్ళు బతుకుతాం. మా పగలు కూడా అలాగే బతుకుతాయి.

ఊల్వర్ మామయ్య బండి దిగి అమ్మ ముందు నిలబడ్డాడు.

"వీడేనే అక్కా. మనవాడి మీద ఈటె దింపింది వీడే. నీ ఇంటికి లోటు చేసినవాడు కాబట్టి నీ ఇంటి గడ్డి వీడే కోస్తాడు. ఆఖరి మోపు ఇంటికొచ్చిన రోజున నీ ఇష్టం."

ఆ 'నీ ఇష్టం' అంటే ఏమిటో మా రేవులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఆఖరి మోపు వచ్చిన రోజు చనిపోయినవాడి తల్లి గడపలో నిలబడుతుంది. ఆమె దగ్గర రెండు ఉంటాయి. ఒకటి ఇనప మేకు, రెండోది పోయినవాడి చొక్కా. మేకు ఎత్తిందంటే బందీ అక్కడే చస్తాడు. చొక్కా చాచిందంటే, బందీ తల వంచి అందులో దూరితే, ఆ క్షణం నుంచి వాడు పోయినవాడే. ఆ పేరు, ఆ పడక, ఆ తల్లి, ఆ అక్కచెల్లెళ్ళు అన్నీ వాడివే. పాత పేరుతో వాణ్ణి ఇంకెవరూ పిలవరు. చొక్కా వద్దని బందీ తల తిప్పుకున్నా మేకే. చొక్కా చాచిన తల్లుల గురించి నేను వినడమే గానీ చూసింది లేదు.

మామయ్య నీటికుక్క తోలు తొడుగులు వేసుకుని ఇనప కడియం బయటికి తీశాడు. మనుషుల ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఇనుము అది. ఇనుము మా ఒంటికి పడదు, తగిలిన చోట కాలుతుంది. అది ఒంటి మీదుంటే గట్టు సరిహద్దు రాళ్ళు దారి ఇవ్వవు కూడా. అందుకే బందీలకి వేరే కాపలా ఉండదు. చెయ్యి మరీ ఊడిపోకుండా కడియం కింద ఉన్ని పేలిక చుట్టడం ఆనవాయితీ.

యోరున్ అక్క ఆ పేలిక తీసి అవతల పారేసింది.

"ఉన్ని గొర్రెలకి. వీడికెందుకు?"

మామయ్య కడియం బిగించి కొట్టాడు. మాంసం కాలిన వాసన వచ్చింది. వాడి దవడలు బిగుసుకున్నాయి గానీ నోట్లోంచి చప్పుడు రాలేదు. కాసేపటికి అక్క వైపు చూశాడు.

"నీ అన్న బాగా కొట్లాడినాడు. కాలు జారింది గానీ, లేకుంటే ఆ బండి మీద నేనుండింటి."

"మా అన్న కాలు జారదు" అని అక్క వాడి చెంప పగలగొట్టింది.

"సరే, జారలేదు" అన్నాడు వాడు, నోట్లో నెత్తురు ఉమ్మేసి. "నేనే గెలిచినా. సంతోషమా?"

అమ్మ గొంగళి తీసి అన్నయ్య చొక్కా మీద ఈటె చేసిన చిల్లులో వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

*

కోతల్లో వాడికి అన్నయ్య కొడవలే ఇచ్చారు. పొడుగు కర్ర, చివర కంచు కత్తి. అన్నయ్య కన్నా వాడు పొడుగు, అందుకని వంగి వంగి కోసేవాడు. రేవు ఆడవాళ్ళందరూ పని మానుకుని చూసేవాళ్ళు.

"వీడు గడ్డి కోస్తున్నాడా, పచ్చికకి గడ్డం గీస్తున్నాడా?" అంది గెర్దా అత్త. ఆవిడ కోత కన్నా నోరు ముందుంటుంది.

"మీ రేవోళ్ళ కొడవళ్ళకి పదును లేదు. ఉండే పదునంతా మీ నోట్లోనే ఉండాది" అన్నాడు వాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి గడ్డిలో ముఖం పెట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు. నేనక్కడ ఉన్నానని సాధారణంగా ఎవరికీ గుర్తుండదు. నేను పెద్దగా మాట్లాడను కదా. అందుకని నా ఎదురుగా అందరూ అన్నీ మాట్లాడేసుకుంటారు.

అక్క పంతం పట్టి వాడి పక్క వరసే కోసేది. వాడు జోరు పెంచితే తనూ పెంచేది. వరస చివరికి ఎవరు ముందు చేరితే వాళ్ళు వెనక్కి తిరిగి కొడవలికి ఆనుకుని నిలబడేవాళ్ళు, రెండోవాళ్ళని చూస్తూ. సాయంత్రానికి ఇద్దరి అరచేతులూ పుండ్లయ్యేవి. మేము అంతకుముందు ఏ ఏడూ అంత గడ్డి కోయలేదు.

నీళ్ళు పోసే పని అక్కదే. తోలుతిత్తిలోంచి చెక్క దొప్పలోకి వంచి అందరికీ ఇచ్చేది. కోల్బెన్ దగ్గరికొచ్చేసరికి దొప్ప నిండా వంచి, వాడు చెయ్యి చాచేదాకా ఆగి, నేల మీద పారబోసేది. తడి గడ్డిని పిండుకుని నాలుక తడుపుకునేవాడు వాడు. రోజూ అంతే. కోతగాళ్ళకి అదో వేడుక.

ఒకరోజు బాగా ఎండ. పెదవులు పగిలి ఉన్నాయి వాడికి. అక్క ఎప్పటిలాగే దొప్ప నింపింది. వాడు ఈసారి చెయ్యి చాచలేదు.

"మీ అన్న కూడా నీళ్ళడిగినాడు" అన్నాడు.

అక్క చెయ్యి ఆగిపోయింది.

"పడినాక. కొంచెంసేపు ప్రాణముండె. నీళ్ళడిగినాడు."

"నీ దగ్గర లేవా?"

"ఉండె. తిత్తి నిండా ఉండె. ఇయ్యలే."

పచ్చికలో కొడవళ్ళ చప్పుడు ఆగిపోయినట్టు అనిపించింది నాకు. నిజానికి ఆగలేదు. అందరూ దూరంగా కోసుకుంటూనే ఉన్నారు.

"లేవని చెప్పొచ్చుగా" అంది అక్క. "నాకెలా తెలుస్తుంది? అబద్ధం చెప్పొచ్చుగా."

"నీకా?" అన్నాడు వాడు. "నీకు చెప్పబుద్ధి కాలే."

దొప్పలో నీళ్ళు అంచు దాటి అక్క వేళ్ళ మీదుగా కారుతున్నాయి. తర్వాత ఆ దొప్పని వాడి ఛాతీకి గట్టిగా గుద్దినట్టు ఆనించింది. సగం ఒలికింది. మిగతా సగం వాడు తాగాడు.

అక్క మర్నాడు దొప్ప నిండా ఇచ్చింది.

*

మోపులు కట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి నల్లటి వాన లేచింది. ఆరిన గడ్డి తడిస్తే చలికాలం గొర్రెలు చస్తాయి, గొర్రెలు చస్తే మేమూ చస్తాం. అందరం పరిగెత్తాం. కోల్బెన్ రెండేసి మోపులు ఎత్తుకుని కొట్టంలోకి విసిరాడు. తడిసిన ఇనుము పొడి ఇనుము కన్నా ఘోరంగా కాలుస్తుంది. మణికట్టు నుంచి పొగలాగా లేస్తూనే ఉంది, వాడు మోస్తూనే ఉన్నాడు.

"వదిలెయ్యరా, చెయ్యి పోతుంది!" అని అరిచింది అక్క.

"నీ గొర్రెలు నాకేమైనా చుట్టాలనా మోసేది? ఓడిపోవడం చేతకాక మోస్తాండా!"

"నువ్వు ఓడిపోయి చాలా రోజులైంది. చేతిని చూసుకో!"

"నువ్వు చూడొద్దు పో!"

వాన మధ్యలో, గొంతులు చించుకుని ఇద్దరూ తిట్టుకున్నారు. తిట్టుకుంటూ తిట్టుకుంటూ అక్క ఉన్నట్టుండి నవ్వేసింది. అన్నయ్య పోయాక అదే మొదటిసారి. నవ్వినందుకు భయపడి, చేత్తో నోరు మూసుకుని అటూ ఇటూ చూసింది. నన్ను చూసింది కానీ చూసినట్టు లేదు.

మర్నాడు వాడి కడియం కింద ఉన్ని ఉంది. బూడిదరంగు ఉన్ని, అంచున ఎర్రపోగు.

ఆ తర్వాత వాళ్ళని చేపలు ఎండేసే పందిళ్ళ వెనక చూశాను. నేను ఎండుచేపలు తిరగెయ్యడానికి వెళ్ళాను. వాళ్ళు అటువైపున్నారు. అక్క వాడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని పుండు మీద నీటికుక్క కొవ్వు రాస్తోంది. రాస్తున్న తీరు చూస్తే మందు రాస్తున్నట్టు లేదు, దెబ్బలాడుతున్నట్టుంది.

"మా గట్టుకి వచ్చెయ్" అన్నాడు వాడు.

"మా అన్నని చంపినోళ్ళ ఊరికి కోడలిగానా? మీ అమ్మకి వంట చెయ్యాలా నేను?"

"మా అమ్మని మీ మామ చంపినాడు. వంట బాధ లేదు."

అక్క చెయ్యి ఆగింది. "నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసె కదా. రుద్దు."

అక్క మళ్ళీ కొవ్వు రాసింది.

"నువ్వే ఇక్కడుండు" అంది అక్క. "అమ్మని అడుగుతాను. మేకు ఎత్తొద్దని, కడియం తీసి ఊరికే వదిలెయ్యమని అడుగుతాను. ఇంత గడ్డి ఎవరు కోశారు? నా కోత కూలి కింద నిన్ను ఇమ్మంటాను."

"నన్నా? కూలి కిందనా?" వాడు పడీపడీ నవ్వాడు. "గట్టు నాయకుడి కొడుకుని, ఎండుచేప మాదిరి అడుక్కుంటావా?"

"ఎండుచేపే ఎక్కువ పలుకుతుంది."

వాడు నవ్వడం ఆపాడు. అక్క చెవి కొసని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. మా వాళ్ళలో మొగుడు తప్ప అలా పట్టుకోరు. అక్క వాడి చెయ్యి తోసెయ్యలేదు. నేను చేపలు తిరగెయ్యకుండానే ఇంటికొచ్చేశాను.

*

ఇంకా కాస్త గడ్డి మాత్రమే మిగిలి ఉంది. ఆ రోజు ముసురు పట్టి కోతకి వెళ్ళలేదు. కోల్బెన్ కొట్టంలో ఉన్నాడు. నేను పొయ్యి దగ్గర నాచు రొట్టెలు కాలుస్తున్నాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఏదో కుడుతోంది. అక్క ఇంట్లోకొచ్చి, తడి జుట్టు కూడా తుడుచుకోకుండా అమ్మ ముందు కూర్చుంది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. కాదనకు. వాడి మీద మేకు ఎత్తకు."

"ఎత్తనులే" అంది అమ్మ.

అంత తేలిగ్గా అంటుందని అక్క అనుకోలేదు. ఊపిరి వదిలి, అమ్మ మోకాళ్ళు పట్టుకుంది. అప్పుడు చూసింది అమ్మ ఒళ్ళో ఏముందో.

"అన్నయ్య చొక్కా ఎందుకు కుడుతున్నావ్?"

"చిల్లుతో తొడిగితే ఏం బావుంటుందే?"

వాన కప్పు మీద గడ్డిపెళ్ళల్లోకి ఇంకుతోంది.

"అమ్మా, చొక్కా వద్దు."

"ఇదేం విడ్డూరమే! చంపొద్దంటావ్. బతికిస్తానంటే వద్దంటావ్."

"వదిలెయ్. ఊరికే వదిలెయ్ వాణ్ణి."

"ఊరికే వదిలెయ్యడానికి వాడు నా కొడుకుని ఊరికే వదిలాడా?" అమ్మ గొంతు పెంచలేదు. సూది దింపుతూ, లాగుతూ మాట్లాడింది. "చలికాలం పడవ ఎవడు తీస్తాడు? ఇంటికి మగదిక్కు లేదు. నీకు అన్న లేడు, దానికి అన్న లేడు." సూదితో నన్ను చూపించింది. "వాడు తీసుకున్నదాన్నే తిరిగిమ్మంటున్నాను. అన్యాయం ఏముంది ఇందులో?"

"నీకు తెలుసు" అంది అక్క మెల్లగా. "నీకు తెలిసే చేస్తున్నావ్."

అమ్మ దారం పళ్ళతో కొరికింది. అప్పుడు తలెత్తి చూసింది.

"వాడి కడియం కింద ఉన్ని చూశాను. నేను నేసిన శాలువా నేను పోల్చుకోలేనా? అంచున ఎర్రపోగు నీకిష్టమని వేశాను. నా బిడ్డని పొడిచిన చెయ్యే అది. ఆ చేతికి మెత్తగా ఉండాలని చించి చుట్టావ్."

అక్క అమ్మ మోకాళ్ళు వదిలేసింది.

"మేకు ఎత్తితే ఏముందే, క్షణంలో పోతాడు. నువ్వు కొన్నాళ్ళు ఏడుస్తావ్, తర్వాత ఇంకెవణ్ణో చేసుకుంటావ్. ఇలాగైతే బతుకుతాడు. నువ్వూ బతుకుతావ్. మూడొందల ఏళ్ళు, ఒకే పొయ్యి దగ్గర, అన్నాచెల్లెళ్ళు." చొక్కా దులిపి, వెలుగుకి పట్టుకుని చూసింది. కుట్టు కనిపించనంత సన్నగా వేసింది. "చూసుకో, తనివితీరా."

రొట్టె మాడిపోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు.

*

మర్నాడు పందిళ్ళ దగ్గర అక్క వాడికి అంతా చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను, చేపల బుట్ట పట్టుకుని. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు.

"అయితే నాకు నువ్వు చెల్లెలివా?" అన్నాడు వాడు. వాడికి మొదట నవ్వే వచ్చింది. "మీ అమ్మ మా గట్టు మీద పుట్టాల్సిండె. ఈపాటికి మేం రేవు మొత్తం గెలిచింటిమి."

"తల తిప్పుకో."

"ఏంది?"

"చొక్కా చాచినప్పుడు తల తిప్పుకో. మేకైనా సరే. నువ్వు అన్నయ్య పేరుతో మా ఇంట్లో తిరగడం నేను చూడలేను. నిన్ను 'అన్నయ్యా' అనలేను."

నేను బుట్ట కింద పెట్టేశాను. వాడు అక్క ముఖంలోకి చూశాడు. నవ్వు లేదిప్పుడు.

"తిప్పుకుంటా."

"ఒట్టెయ్."

"గట్టోళ్ళు ఒట్లెయ్యరు. అంటే అంతే."

"నువ్వు చస్తే ఏడుస్తాననుకోకు. ఒకడి కోసం ఏడ్చి ఉన్నాను. ఇంక నీళ్ళు లేవు నా దగ్గర."

"నువ్వు ఏడిస్తే నేను లేసి కూర్చుంటా, ఎట్ల ఉంటావో చూడాలని."

అక్క వాడి చెంప మీద కొట్టింది. కొట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

*

ఆఖరి మోపు వచ్చిన రోజు గాలి చల్లగా ఉంది. ఊరంతా మా వాకిట్లో నిలబడ్డారు. గెర్దా అత్త ముందు వరసలో చోటు కోసం పొద్దున్నే వచ్చి కూర్చుంది. కోల్బెన్ మోపు కొట్టంలో దించి, వచ్చి గడప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమని అనలేదు.

మామయ్య తొడుగులు వేసుకుని కడియం విరగ్గొట్టాడు. కింద ఉన్న ఉన్ని నెత్తుటితో గట్టిపడి, చర్మంతోపాటు ఊడొచ్చింది. వాడు చెయ్యి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

అమ్మ బయటికొచ్చింది. తోలుపేలికతో పట్టుకొచ్చిన మేకుని గడప మీద పెట్టింది. చొక్కా విప్పి రెండు చేతులతో చాచింది.

వాకిట్లో గుసగుసలు లేచాయి. "ఓల్వాకి మతి పోయిందా?" అన్నారెవరో, అమ్మని పేరు పెట్టి. "తల్లి మనసు రా" అన్నారు ఇంకెవరో.

వాడు అక్క వైపు చూశాడు. అక్క వాకిలి పక్కన రాయిలా నిలబడి, తన తలని కొంచెం, చాలా కొంచెం, పక్కకి తిప్పింది. చిన్నపిల్లలకి ఎలా చెయ్యాలో చేసి చూపించినట్టు.

వాడు సముద్రం వైపు చూశాడు. గాలి వాడి జుట్టుని ముఖం మీదికి తోసింది. తల వంచాడు.

అమ్మ చొక్కా వాడి తల మీంచి దించింది. భుజాల దగ్గర ఇరుకు. చేతులు దూర్చేటప్పుడు చంక కింద కుట్టు పర్రుమంది.

"ఈవార్" అంది అమ్మ.

మెడ దగ్గర తాడు కట్టాల్సింది పెద్ద చెల్లెలు. అమ్మ పిలవకముందే అక్క ముందుకొచ్చింది. తాడు బిగించి, రెండు ముళ్ళు వేసింది. అందరికీ వినబడేలా అంది:

"చలిగా ఉందా, అన్నయ్యా?"

గెర్దా అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎంత మంచి పిల్ల! పగ మరిచి ఎంత బాగా కలుపుకుంది!"

*

అమ్మ అతనికి మొదటి ముద్ద తనే పెట్టింది. అన్నయ్య పడక ఇచ్చింది. "ఈవార్, ఇటు రా. ఈవార్, వల సర్దు." పిలిస్తే అతను పలికేవాడు కాదు. పొగరుతో కాదు, తననే పిలుస్తున్నారని గుర్తుండేది కాదు. అమ్మ రెండుసార్లు, మూడుసార్లు పిలిచేది. అమ్మకి కోపం వచ్చేది కాదు. ఆ పేరు పిలవడానికి మళ్ళీ ఒకళ్ళు దొరికారు కదా అని నాకనిపించేది. పిలిచిన ప్రతిసారీ అమ్మ కళ్ళు మాత్రం అక్క మీద ఉండేవి.

అక్క అన్నీ సరిగ్గా చేసింది. వడ్డించింది. తడి చెప్పులు పొయ్యి దగ్గర ఆరబెట్టింది. "అన్నయ్యా, ఇంకో చేప వెయ్యనా?" "అన్నయ్యా, జరుగు, ఊడుస్తాను." అన్నయ్య బతికున్నప్పుడు కూడా అన్నిసార్లు ఆ మాట అనలేదు అది. అన్నప్పుడల్లా అతను గరిటె దెబ్బ తిన్నట్టు చూసేవాడు.

ఒకరోజు ఒడ్డున కొట్టుకొచ్చిన దుంగలు చీల్చడానికి అతనితో నన్ను పంపారు. గొడ్డలి ఆపి అతనే మాట్లాడాడు. నేను అడగలేదు.

"చావాలనే కూర్చుంటి, చిన్నమ్మీ. నిజంగా. కడియం తీసినాక ఈ చేతికి గాలి తగిలింది." మణికట్టు చూపించాడు. కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. "చల్లగా. అంతే. ఇంకేం లేదు."

చెల్లీ అనాలి అతను నన్ను. నేను సరిదిద్దలేదు.

ఇంటికెళ్ళి అక్కకి ఆ మాట చెప్పాను. అక్క పెరుగు చిలుకుతోంది. చిలకడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తున్నావ్?"

"అంటే... నువ్వంటే ఇష్టం లేక కాదని..."

"గాలి కోసం" అంది అక్క. "నేను వాడి చావుకి కూడా సిద్ధపడి అడిగాను. వాడు గాలి కోసం నన్ను చెల్లెల్ని చేసుకున్నాడు. వెళ్ళి గొర్రెల్ని చూడు."

*

మొదటి మంచు పడకముందే మామయ్య సంబంధం తెచ్చాడు. ఏటికవతల హాల్‌స్టెన్. పెళ్ళాం పోయినవాడు. గట్టువాళ్ళ చెవులు కోసి పడవ ముందు వేలాడదీస్తాడని పేరు. మామయ్య కూడా ఊరికే చెప్పి చూద్దామని చెప్పినట్టు చెప్పాడు, అక్క చీపురు తిరగేస్తుందనుకుని.

"ఒప్పుకుంటాను" అంది అక్క.

అమ్మ చేతిలో కదురు ఆగింది. "వాడా? వాడి ఇల్లు ఏటికవతల. మంచు పడితే ఏడాదిలో సగం దారే ఉండదు."

"అవును" అంది అక్క. "నువ్వు చూడలేవు."

అమ్మ ముఖం అప్పుడు ఎలా మారిందో నాకిప్పటికీ చెప్పడం రాదు. పొయ్యి దగ్గర పెట్టుకున్నదాన్ని ఎవరో ఎత్తుకుపోతుంటే చూస్తున్నట్టుంది. కానీ అమ్మ మాటకి విలువ లేదక్కడ. మా పద్ధతిలో ఇంట్లో మగవాడుంటే పిల్లని ఇచ్చేది అన్నే. అమ్మే తెచ్చుకుంది మగవాణ్ణి.

మామయ్య ఇబ్బందిగా కదిలి, అతని వైపు తిరిగాడు. "ఏరా ఈవార్, ఇంటికి పెద్దవాడివి. చెల్లెల్ని ఇస్తావా?"

అతను వల సర్దుతున్నవాడల్లా అక్క వంక చూశాడు. ఆ కళ్ళ నిండా కోతల నాటి పొగరు ఒక్కసారి లేచింది. కాదంటాడనుకున్నాను. కాదను, కాదను అని మనసులో అనుకున్నాను.

"ఇచ్చెయ్ అన్నయ్యా" అంది అక్క. నవ్వుతోంది. "వాడు నీ చెవులు కొయ్యడులే. బావమరిదివి కదా."

వల అతని చేతుల్లో నలిగిపోయింది.

"ఇస్తా" అన్నాడు.

*

పెళ్ళికూతురి కాలు పారే నీళ్ళకి తగలకూడదు మా వాళ్ళలో. అన్న ఎత్తుకుని ఏరు దాటించాలి. ఆ రోజు ఏటి అంచుల్లో సన్నగా మంచు కట్టి ఉంది. అవతలి ఒడ్డున హాల్‌స్టెన్, అతని మనుషులు. ఇవతల మేము. అక్క ఎర్రపోగు శాలువా కప్పుకోలేదు. పాత గొంగళి కప్పుకుంది.

అతను అక్కని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. పందిళ్ళ వెనక తప్ప అంత దగ్గరగా వాళ్ళు ఎప్పుడూ లేరు. నేను అక్క బట్టల అంచు నీళ్ళలో పడకుండా పట్టుకుని పక్కనే నడిచాను. నీళ్ళు తొడలదాకా వచ్చాయి. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఏటి నడుమ అతను ఆగిపోయాడు.

ప్రవాహం కిందికి, కుడివైపు, గట్టు సరిహద్దు రాళ్ళు కనిపిస్తున్నాయి. అతని ఒంటి మీద ఇప్పుడు ఇనుము లేదు. రెండు ఒడ్ల మీదా జనం చూస్తున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాలు జారిందేమో అనుకున్నారు.

"చెప్పు" అన్నాడు అతను, పెదవులు కదపకుండా. "ఇప్పుడు చెప్పు. పోదాం."

అక్క అతని మెడ చుట్టూ ఉన్న చెయ్యి తీసి, అతని చెవి కొసని రెండు వేళ్ళతో పట్టుకుంది. ఒక్క క్షణం. తర్వాత వదిలేసి, మళ్ళీ మెడ చుట్టూ వేసింది.

"నడువు, అన్నయ్యా" అంది. "చిన్నది చలికి వణికిపోతోంది."

అతను నడిచాడు. అవతలి ఒడ్డున హాల్‌స్టెన్ ముందు దించాడు. హాల్‌స్టెన్ అతని భుజం చరిచి, "మంచి బావమరిదే దొరికాడు" అన్నాడు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఏటి ఇవతలికి వచ్చేదాకా చూశాను. తిరగలేదు.

ఇంటికి వచ్చేసరికి మంచు దిట్టంగా పడుతోంది. పొయ్యి చుట్టూ మేము ముగ్గురమే. అమ్మ అక్క కూర్చునే పీట వంకే చూస్తోంది. అతను గడప లోపల నిలబడి, తడి బట్టలతో, బయటికి చూస్తున్నాడు. ఏరు ఇక్కణ్ణుంచి కనపడదు.

"ఈవార్" అంది అమ్మ. గొంతులో ముసలితనం వచ్చేసింది. "తలుపెయ్యి నాయనా. చలి."

ఒక్క పిలుపుకే పలికాడు. లోపలికి వచ్చి, తలుపు వేసి, గడియ పెట్టాడు.